తల తిప్పిన ఫర్డీ

మూడో మలుపు దాకా పందెం ఫర్డీదే. గెలుపు గుమ్మంలోకి వచ్చి బూట్లు విప్పుకుంటోంది అనగా, వాడు తల తిప్పాడు.

పందెపు గ్రేహౌండు ఎన్ని తప్పులైనా చేయవచ్చు. బోను తలుపు లేచాక ఆవులిస్తూ బయటికి రావచ్చు. మలుపులో కాలు జారి ఇసుక కరవవచ్చు. అందరికంటే వెనక వచ్చి, అందరికంటే ముందు నీళ్ళగిన్నె దగ్గర నిలబడవచ్చు. తల మాత్రం తిప్పకూడదు. ముందు పట్టా మీద పరిగెత్తే బొమ్మకుందేలు తప్ప లోకంలో ఇంకో ప్రాణి ఉన్నట్టే దానికి తెలియకూడదు. తెలిసిందా, కుక్కకి తలరాత తిరుగుతుంది, పెంచినవాడికి తల తిరుగుతుంది, దాని మీద కాసినవాళ్ళు తలా ఒక మాట అంటారు.

ఫర్డీ తిప్పిన తలని పక్కన వస్తున్న నల్లకుక్క మెడ మీద పెట్టాడు. మూతికి చిక్కం ఉంది కాబట్టి పన్ను తగల్లేదు. చిక్కం ఉన్నా చిక్కు మాత్రం తప్పలేదు. నల్లకుక్క అడుగు తడబడింది, రెండూ భుజాలు రాసుకుంటూ మలుపు వెలుపలి అంచుదాకా పోయాయి. మిగతా నాలుగూ లోపలి దారిన జారుకున్నాయి. ఫర్డీ అయిదోవాడిగా వచ్చాడు. వచ్చి, ఆ నల్లకుక్క ఎదుట ముందుకాళ్ళు చాచి, వెనకభాగం పైకెత్తి, తోక ఊపుతూ ఇంకో ఆట అడిగాడు.

కంచె పక్కన నిలబడ్డ బ్రీడా లోనర్గన్, వాణ్ణి పెంచిన మనిషి, ఆ వంపు చూసింది. రోజూ ఇంటి దొడ్లో చూసేదే. పందెం పోయినందుకు కాదు, వాడు అంత సంతోషంగా ఉన్నందుకు ఆమెకి గుండె జారిపోయింది.

టిప్పరరీ జిల్లాలో కుక్కల్ని పెంచేవాళ్ళకి పందెం అయ్యాక, రూళ్ళు చూసే స్టీవార్డు గదిలోకి పిలుపు రావడమంటే, బళ్ళో హెడ్మాస్టరు గదిలోకి పిలుపే. బ్రీడా భర్త మాసీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. స్టీవార్డు టియర్నీ చెడ్డవాడు కాదు. పండగకి మాసీ పంపిన బంగాళాదుంపలు తిన్నవాడే. తిన్నంత మాత్రాన రూలు మింగేసే మనిషి కాడు. పోట్లాట అని రాసుకున్నాడు.

బ్రీడా ఉండబట్టలేకపోయింది. "అది పోట్లాట కాదండీ. ఆట."

టియర్నీ కలం ఆపాడు. "చూశానమ్మా. నాకూ ఆటలాగే కనిపించింది. కానీ పోట్లాటలో కూడా ఆట ఉంది కదా, రెండూ విడదీసి రాయడానికి నాకు వేరే గడి లేదు."

వచ్చే శనివారం పొద్దున మరో రెండు కుక్కలతో కలిపి వాణ్ణి ఉత్తినే పరిగెత్తించి చూపించమన్నాడు. శుభ్రంగా పరిగెత్తితే పుస్తకంలో వాడి పేరు మీద పడ్డ మచ్చ కొట్టేస్తాడు. మళ్ళీ తల తిప్పితే దేశంలో ఏ ట్రాకులోనూ బోను తలుపు వాడికి తెరుచుకోదు. ఈ రెండో మాట చెప్పేటప్పుడు ఆయన బ్రీడా వైపు చూడలేదు. కిటికీలోంచి వాన వైపు చూశాడు. వానకేం, అది అక్కడ ఎప్పుడూ ఉంటుంది, ఎవరు కావాలంటే వాళ్ళు చూడవచ్చు.

వ్యాను తమ సందు మలుపు తిరిగాక మాసీ అన్నాడు: "నిజంగా కొట్లాడినా బాగుండేది."

"అదేం మాట?"

"కోపమైతే దించవచ్చు. వీడిది స్నేహం. దాన్నెక్కడ దించను?"

వెనక గడ్డి మీద ముడుచుకున్న ఫర్డీ తన పేరు కోసం చెవులు నిక్కించాడు. ఎవరూ పిలవలేదు.

లోనర్గన్ల కొట్టంలో ఆ ఏడాది పరిగెత్తేవాడు ఫర్డీ ఒక్కడే. మిగిలినవి చెవిలో పొడిచిన నంబరు పచ్చబొట్లు ఇంకా ఆరని కుక్కపిల్లలు, ఒక ముసలి తల్లికుక్క. వాడి కాళ్ళ మీదే కొట్టం నిలబడి ఉంది. వాడి నాలుగు, మాసీవి రెండు, వెరసి ఆరు కాళ్ళ సంసారం. పరిగెత్తని కుక్కని ఊరికే మేపిన ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. పెళ్ళయిన కొత్తలో బ్రీడా, "దాన్ని వెనక పొలానికి తీసుకెళ్ళాం" అని మామగారు అంటే షికారుకేమో అనుకునేది. ఇప్పుడు పశువుల డాక్టరు సూదితో వస్తాడు, అంతే తేడా. కొన్నిటిని ఇటలీలో ఎవరో పుణ్యాత్ములు సోఫాల మీద పెంచుకుంటారట. ఆ వరుస చాలా పొడుగు, అందులో జబ్బున్నవీ కుంటివీ ముందుంటాయి. ఫర్డీకి ఏ జబ్బూ లేదు. కులాసాగా ఉండటమే వాడి జబ్బు.

మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి వాళ్ళ వంటింట్లో లార్ కీటింగ్ కూర్చుని ఉన్నాడు. తలుపు తీసుకుని, టీ కాచుకుని, కప్పు పట్టుకుని మరీ. మోకాళ్ళు అరిగినా లార్ మాట అరగలేదు. ఆ చుట్టుపక్కల కుక్కల విషయంలో ఆయన చెప్పిందే చెల్లుబాటు. సంగతి ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది. ట్రాకులో జరిగింది పూజ కంటే ముందు చర్చిలో తెలుస్తుంది.

దొడ్లోకి వెళ్ళి ఫర్డీని చూశాడు. వేళ్ళ మధ్య గులకరాయి ఇరుక్కుందేమో చూశాడు, తొడ కండరాలు నొక్కాడు, వెన్ను మీద బొటనవేలు జరిపాడు. కండ రాయిలా ఉంది. వాడి పక్కనే ఫ్లాస్ నిలబడి ఉంది, ముసలి గొర్రెలకుక్క, నలుపూ తెలుపూ. ఫర్డీ దాని మెడ మీద మూతి ఆన్చి, కళ్ళు అరమూసి లార్ పరీక్షలన్నీ భరించాడు.

"ఇదా సంగతి," అన్నాడు లార్.

ఇదే సంగతి. ఫర్డీ వాళ్ళమ్మకి ఆ కాన్పులో ఒక్కడే పుట్టాడు, పాలు పడలేదు. ఫ్లాస్ పిల్లలు అప్పుడే పంపకాలైపోయి దాని పాలు పొంగుతున్నాయి. పిల్లాణ్ణి ఎత్తి దాని పొట్ట దగ్గర పెట్టింది బ్రీడానే. బతికించాననుకుంది. బతికించింది కూడా.

"పాలు పట్టడం తప్పు కాదు అమ్మాయ్," అన్నాడు లార్. "పాలు మానాక కూడా దాంతోనే ఉంచావు చూడు, అదీ. గొర్రెలకుక్క పక్కన పరిగెత్తుతుంది. ఎదుటిదాన్ని మళ్ళిస్తుంది. గ్రేహౌండు దాటిపోతుంది. దాటిపోవడం వీడికెవరు నేర్పారు? అన్నా తమ్ముడా, ముక్క లాక్కుపోయే చెల్లెలా? వీడికి పోటీ అంటే తోడు."

మాసీ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. మందేదైనా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు లార్. వారం పాటు వాడికి ఎవ్వరూ ఉండకూడదు. ఇంకో కుక్క కనపడకూడదు, వినపడకూడదు. మనిషి కూడా గిన్నె పెట్టి, తైలం రుద్ది, వచ్చేయాలి. మాట్లాడకూడదు. రోజుకి ఒక్కసారి గుడ్డబొమ్మ వెంట పరుగు. మాంసమంతా ఆ గుడ్డలోనే కట్టాలి, గిన్నెలో ఉత్త రొట్టే. వాడికి తినడమూ, ఆడుకోవడమూ, ప్రేమా దోమా అన్నీ ఆ గుడ్డ దగ్గరే దొరకాలి.

"వారంలో మారతాడా?" అంది బ్రీడా.

"ఎంత మంచివాడైతే అంత తొందరగా మారతాడు," అన్నాడు లార్. ఆయన అది ధైర్యం చెప్పడానికే అన్నాడు.

ఫ్లాస్‌ని లార్ తన కారులో తీసుకుపోయాడు. వెనక అద్దంలో దాని మొహం సందు చివరిదాకా కనిపించింది. ఫర్డీని తీసుకెళ్ళి, కోళ్ళున్నప్పుడు వాడిన రాతిగదిలో పెట్టారు. దానికి కిటికీ లేదు, పైన గాలి కోసం చిన్న కంత మాత్రమే. మొదటి పూట వాడు అరవలేదు. ఏదో పొరపాటు జరిగింది, ఇప్పుడే వచ్చి దిద్దుతారు అన్నట్టు తలుపు ఎదురుగా మర్యాదగా కూర్చున్నాడు. సాయంత్రం మొదలుపెట్టాడు. మాసీ రేడియోలో హర్లింగ్ కర్రబంతి మ్యాచ్ పెట్టి శబ్దం పెంచాడు. టిప్పరరీ గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

లోనర్గన్ల పరుగుదారి అంటే ముళ్ళకంచెల మధ్య సన్నటి పొడుగు చేను. చివర ఒక సైకిలు తలకిందులుగా పాతి ఉంటుంది. వెనక చక్రానికి టైరు తీసేసి, ఆ గాడిలో తాడు చుడతారు. తాడు అవతలి కొసకి గుడ్డబొమ్మ. ఆ చివర మాసీ కుక్కని పట్టుకుంటాడు, ఈ చివర బ్రీడా పెడలు చేత్తో తిప్పుతుంది. చక్రం గిర్రున తిరుగుతుంటే గుడ్డ గడ్డి మీద ఎగిరెగిరి వస్తుంది, వెనకే కుక్క. ముప్పై ఏళ్ళ సంసారంలో బ్రీడా ఆ సైకిలు మీద ఒక్క అడుగు దూరమైనా పోలేదు గానీ, తొక్కేవాళ్ళకంటే ఎక్కువే తిప్పింది.

అంతకుముందు పరుగు అయ్యాక ఫర్డీ గుడ్డని ఒకసారి మర్యాదకి కొరికి వదిలేసి, వచ్చి ఆమె ఒళ్ళో మూతి పెట్టేవాడు. ఆమె చెవులు నిమిరి, వాడి పరుగు మీద వ్యాఖ్యానం చెప్పేది. సోమవారం కూడా వచ్చాడు. ఆమె తన రబ్బరు బూట్ల వైపు చూస్తూ కూర్చుంది. వాడు ఆమె మోచేతి కింద నుంచి తల దూర్చి మొహంలోకి చూశాడు. పెడలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడేదాకా బిగించింది తప్ప ఆమె కదల్లేదు. వాడు కాసేపు నిలబడి, గేటు వైపు చూశాడు, ఫ్లాస్ వచ్చే దిక్కు. తర్వాత గుడ్డ దగ్గరికి వెళ్ళి మాంసం తిన్నాడు.

బ్రీడా రోజంతా కుక్కలతో మాట్లాడే మనిషి. మాట్లాడకుండా ఉండటం ఆమెకి ఉపవాసం కంటే కష్టమైంది. ఓట్స్ గంజితో మాట్లాడింది. గంజి కలిపే గరిటెతో మాట్లాడింది. వేరే దారి లేక మాసీతో కూడా మాట్లాడింది.

"ఇంత మౌనం పాటించాలంటే సన్యాసినుల మఠంలో చేరేదాన్ని కదా," అంది.

"వాళ్ళు నిన్ను పెట్టుకునేవాళ్ళు కాదు. అక్కడ కుక్కల్ని రానివ్వరు," అన్నాడు మాసీ. ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక రాతిగదిలోంచి ఏమీ వినపడటం లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

ఫర్డీ అరవడం మానేశాడు.

తైలం రుద్దేటప్పుడు ఒంటి బరువంతా ఆమె భుజం మీద వాల్చడం వాడికి పసితనం నుంచీ అలవాటు. ఇప్పుడు నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడుతున్నాడు. ఏ కాలు ఎత్తితే ఆ కాలు ఇస్తాడు. అయ్యాక తలుపు వైపు కూడా చూడడు. బుధవారం నాడు ఆమె రుద్దడం పూర్తిచేసి, గిన్నె తీసుకుని లేచి, మళ్ళీ కూర్చుంది. వాడి గెడ్డం కింద, మెత్తటి చోట, చెయ్యి పెట్టింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"బ్రీడా," అన్నాడు మాసీ తలుపు దగ్గర నుంచి. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె ఎదురు చెప్పేది, చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. అతని మొహం చూసి చెయ్యి తీసేసింది. శనివారం వాడు తల తిప్పితే ఆ సూది డాక్టరుకి ఫోను చేయవలసింది మాసీనే. గెడ్డం కింద చెయ్యి పెట్టినంత మాత్రాన వాడికి మేలు జరగదని ఆమెకీ తెలుసు.

గురువారం గుడ్డ అందగానే వాడు దాన్ని రెండు ముందుకాళ్ళతో నొక్కిపట్టాడు. బ్రీడా తాడు విప్పడానికి వంగింది. వాడి ఛాతీలోంచి ఒక శబ్దం వచ్చింది, దూరంగా ఎక్కడో ట్రాక్టరు మొదలైనట్టు. ఆమెకి మొదట అర్థం కాలేదు. ఆ గొంతు వాడికి ఉందని వాడికైనా తెలుసో లేదో. చేను అవతలి కొస నుంచి మాసీ పరిగెత్తుకుంటూ వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"విన్నావా? గుర్రుమన్నాడు. విన్నావా?"

విన్నానని తల ఊపింది. తాడు వదిలేసి, వాడు తినడం అయ్యేదాకా దూరంగా నిలబడింది.

శనివారం పొద్దున ట్రాకులో మనుషులు లేరు. పైన రేకుల మీద వాన, కింద తడి ఇసుక. టియర్నీ గొడుగు కింద. పక్కకుక్కలు రెండిటినీ వేరే ఊరివాళ్ళు తెచ్చారు, ఒకటి ఎరుపు, ఒకటి మచ్చలది. మాసీ ఫర్డీకి చిక్కం బిగించి, నంబరు చొక్కా తొడిగి, బోనులోకి నడిపించాడు. వాడు ఆ రెండిటి వైపు చూడలేదు. మొన్నటిదాకా బోనుల దగ్గర ప్రతి కుక్కనీ పేరుపేరునా పలకరించే కుక్క.

తలుపులు లేచాయి. మొదటి మలుపులో ఎర్రది వచ్చి వాడి భుజానికి గట్టిగా తగిలింది. తగలరాని చోట, తగలరాని టైములో. బ్రీడా కంచె ఇనుపగొట్టాన్ని పట్టుకుంది. వాడు చూపు తిప్పలేదు. ఒళ్ళు కొంచెం కిందికి దింపి, కాళ్ళు ఇంకా దూరం చాచి, ఆ భుజం లోంచే దారి చేసుకుని పోయాడు. మూడో మలుపుకి వచ్చేసరికి వాడి వెనక ఖాళీ ఇసుక తప్ప ఏమీ లేదు. అంత వేగంగా వాడు ఎన్నడూ పరిగెత్తలేదు. నిజానికి ఆ కొట్టంలో ఏ కుక్కా అంత వేగంగా పరిగెత్తలేదు. చూస్తుంటే మెడ వెనక వెంట్రుకలు లేచాయి ఆమెకి. అందంగా కూడా ఉంది, అదే ఆమె తట్టుకోలేకపోయింది.

మచ్చ కొట్టేశానని టియర్నీ వచ్చి చెప్పాడు. "నేర్చుకున్నాడమ్మా," అన్నాడు, నిజంగా సంతోషపడుతూ.

"నేర్చుకున్నాడండీ," అంది బ్రీడా.

మాసీ మొహం తుడుచుకుంటున్నాడు. వాన అన్నాడు. పైన రేకులున్నాయని ఆమె గుర్తుచేయలేదు. ముప్పై ఏళ్ళలో అతను ఏడవటం ఆమె చూసింది రెండోసారి, మొదటిసారి వాళ్ళ నాన్న పోయినప్పుడు. వ్యానులో దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. వచ్చే పందెం, ఆ తర్వాతది, కొట్టం పైకప్పు, కొత్త తల్లికుక్క. ఆమె అన్నిటికీ ఊ కొట్టింది. వాడు బతికాడు. వారం రోజులుగా ఆమె దేవుణ్ణి అడిగింది అదొక్కటే. ఇంకోటి కూడా అడగాలని తట్టలేదు.

ఇంటికి రాగానే ఆమె ఫర్డీని రాతిగదికి తీసుకెళ్ళలేదు. దొడ్లో, ఆకాశం కింద, పెద్దగిన్నె పెట్టింది: ఉడికించిన గొడ్డుమాంసం, క్యాబేజీ, సోడారొట్టె, పైన గుడ్డు. చిక్కం విప్పింది. ఇక మాట్లాడవచ్చు. "తిను ఫర్డీ," అంది. వారం తర్వాత వాడి పేరు ఆమె నోట్లో పరాయిగా పలికింది. వాడు చెవి కూడా కదపకుండా తినడం మొదలుపెట్టాడు.

అప్పుడే లార్ కారు వచ్చింది. శుభవార్త ఆయనకి అందింది కాబట్టి మాట ప్రకారం ఫ్లాస్‌ని తెచ్చాడు. ఆయన తలుపు సగం తీశాడో లేదో అది ఆయన అరిగిన మోకాళ్ళ మీదుగా దూకి, ముసలితనమంతా కారులోనే వదిలేసినట్టు దొడ్డికి అడ్డంగా పరిగెత్తింది. మొరగలేదు. సన్నగా ఏదో కూత పెడుతూ వచ్చింది. వచ్చి ఫర్డీ పక్కన చేరి, భుజానికి భుజం ఆన్చి, వాడి మెడ మీద మొహం పెట్టింది.

వాడు గుర్రుమనలేదు. హెచ్చరించనూ లేదు. గిన్నెలోంచి మూతి ఎత్తడం, దాని చెవి వాడి నోట్లో ఉండటం, రెండూ ఒకటే క్షణంలో జరిగిపోయాయి. ఫ్లాస్ అరిచిన అరుపుకి కొట్టంలో పిల్లలన్నీ లేచాయి. మాసీ వాడి నడుం పట్టుకుని లాగాడు, లార్ చేతికర్రతో దవడ విప్పాడు. వదిలిన మరుక్షణం వాడు మళ్ళీ గిన్నె దగ్గరికి వెళ్ళాడు. మధ్యలో ఆపిన పని పూర్తి చేసేవాడిలా తిన్నాడు.

ఫ్లాస్ తిరగబడలేదు. కొంచెం దూరం జరిగి కూర్చుని వాడినే చూస్తోంది, చెవిలోంచి నెత్తురు తెల్లటి మెడ మీదికి కారుతుండగా. తోక నేల మీద ఒకసారి ఆడించింది. తానే ఏదో తప్పుగా వచ్చానేమో, ఇంకోసారి సరిగ్గా వస్తే సరిపోతుందేమో అన్నట్టు.

"చిక్కం విప్పకుండా ఉండాల్సింది," అన్నాడు లార్. టీ అడక్కుండానే కారెక్కి వెళ్ళిపోయాడు.

బ్రీడా కుళాయి దగ్గర ఉప్పునీళ్ళతో ఆ చెవి కడిగింది. కొస చీలిపోయింది, అతకదు. మాసీ ఫర్డీని రాతిగదిలో పెట్టి గడియ వేసి వచ్చి ఆమె పక్కన తడి రాళ్ళ మీద కూలబడ్డాడు. ఒక చేత్తో ఫ్లాస్ దవడ పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ అందించాడు. చాలాసేపు ఇద్దరూ ఆ పనే చేశారు.

"రేపట్నుంచి వీటిని వేరువేరుగా తిప్పుదాం," అన్నాడు మాసీ. "దీన్ని పొద్దున, వాణ్ణి సాయంత్రం. ఒకదాని కంట ఒకటి పడకుండా."

"ఎన్నాళ్ళు?"

అతను గుడ్డ పిండాడు. ఎర్రనీళ్ళు రాళ్ళ సందుల్లోకి పోయాయి.

"వాడు పరిగెత్తినన్నాళ్ళు," అన్నాడు.

కట్టు కట్టడం అయ్యాక ఫ్లాస్ లేచింది. తల ఒక పక్కకి ఒరగేసి, దొడ్డి దాటి, రాతిగది దగ్గరికి వెళ్ళింది. తలుపు కింద సందులో ముక్కు ఆన్చి పడుకుంది. లోపలి నుంచి ఏ శబ్దమూ రాలేదు. కుక్కపిల్లలకి గంజి పెట్టే వేళయింది. బ్రీడా గిన్నె పట్టుకుని లేచింది. గంజి ఉడికేదాకా ఫ్లాస్‌ని అక్కడే ఉండనిచ్చి, తర్వాత వచ్చి మెడపట్టీ పట్టుకుని ఇంట్లోకి నడిపించుకుపోయింది.